కర్ర ఇల్లు కచ్చా ఇల్లేనా?

ఇళ్ళ లెక్క రాసుకోవడానికి గూడేనికి వచ్చే ఉద్యోగి చేతిలో ఒక ఫారం ఉంటుంది. గోడ దేనితో కట్టారు, కప్పు దేనితో వేశారు అని అందులో గడులు ఉంటాయి. ఇంటి ముందు నిలబడి ఒక చూపు చూసి, గడిలో అంకె వేసుకుని పక్కింటికి వెళతాడు. ఆ ఒక్క చూపుతో అది శాశ్వతమైన ఇల్లో, తాత్కాలికమైన ఇల్లో తేలిపోతుంది. 2001 జనగణన ఇచ్చిన నిర్వచనం ప్రకారం ఇనుప రేకు, ఆస్‌బెస్టాస్ రేకు, కాల్చిన ఇటుక, రాయి, కాంక్రీటు గోడలు శాశ్వతం. గడ్డి, వెదురు, ప్లాస్టిక్, మట్టి, పచ్చి ఇటుక, కర్ర గోడలు తాత్కాలికం. తాత్కాలికం అంటే ఏమిటో కూడా అక్కడే చెప్పారు: తరచుగా మార్చవలసి వచ్చే సామగ్రితో కట్టినది.

ఈ జాబితా చదివితే రెండు సంగతులు కనిపిస్తాయి. ఎండకూ వానకూ రెండేళ్ళలో పీలికలయ్యే ప్లాస్టిక్ పట్టాను, తాత పాతితే మనవడు ఆనుకుని కూర్చునే వేగిస కర్రను ఒకే గాటన కట్టారు. ఇది ఒకటి. ఇంట్లో ఏదైనా తరచుగా మార్చవలసి రావడం లోపమేనని ముందే తీర్మానించుకున్నారు. ఇది రెండోది. మొదటిదాన్ని కాగితాల మీద పనిచేసేవాళ్ళ తొందరపాటు అనుకుని వదిలేయవచ్చు. రెండోది అంత తేలిగ్గా వదిలేది కాదు. శాశ్వతం అంటే ఏమిటి, ఒక ఇల్లు దేనివల్ల నిలుస్తుంది అన్న ప్రశ్న అందులో ఉంది. ఆ ప్రశ్నకు జవాబు మనల్ని అడక్కుండానే రాసేసుకున్నారు.

ఆ జవాబు ఫారంలోనే ఉండిపోతే పెద్ద ఇబ్బంది లేదు. అది బడిలోకి కూడా వచ్చింది. చిన్న తరగతుల్లో ఇళ్ళ రకాల పాఠం ఉంటుంది: కచ్చా ఇల్లు, పక్కా ఇల్లు. హిందీలో కచ్చా అంటే పచ్చిది, పక్కా అంటే పండినది. ఏజెన్సీ బడిలో ఆ పాఠం వినే పిల్లల్లో చాలామంది తడిక ఇళ్ళ నుంచే వస్తారు. కచ్చా ఇల్లు బలం లేనిది, పేదవాళ్ళది అని వాళ్ళచేతే చదివించి, వాళ్ళచేతే రాయించి, సరిగ్గా రాస్తే మార్కులు వేస్తాం. సాయంత్రం ఇంటికి వెళ్ళిన పిల్ల, వాళ్ళమ్మ ఎర్రమన్నుతో అలుకుతున్న గోడను ఆ పాఠం కంటితోనే చూస్తుంది. పదేళ్ళు పోయాక సంబంధం చూడడానికి వచ్చినవాళ్ళు "బిల్డింగు ఉందా?" అని అడిగితే, లేదని చెప్పడానికి ఆ ఇంటివాళ్ళు తల దించుకుంటారు.

కర్ర నిజంగా నిలవదా? జపాన్‌లోని హోర్యూజి ఆలయం ఏడో శతాబ్దంలో మొదలైంది. అక్కడి ప్రధాన మందిరం, అయిదంతస్తుల గోపురం ఈనాటికీ నిలిచి ఉన్న అతి పాత కర్ర కట్టడాల్లో ఉన్నాయి. నార్వేలో ఉర్నెస్ అనే ఊరి కర్ర చర్చి పన్నెండో శతాబ్దం నాటిది. అవి దేవుళ్ళ ఇళ్ళు, వాటిని చూసుకునే మనుషులు ఉంటారు అనవచ్చు. మామూలు రైతుల ఇళ్ళ సంగతికే వద్దాం. స్వీడన్, ఫిన్లాండ్, నార్వే, రష్యా పల్లెల్లో దుంగలను ఒకదానిపై ఒకటి అడ్డంగా పేర్చి గోడ కట్టే పద్ధతి వందల ఏళ్ళుగా ఉంది. మూలల్లో గాట్లు కొట్టి దుంగను దుంగలో కూర్చోబెడతారు. సందుల్లో నాచు కూరుతారు. ఆరేకొద్దీ దుంగ సన్నబడుతుంది కాబట్టి కట్టిన కొన్నేళ్ళ వరకూ గోడ ఎత్తు తగ్గుతూ వస్తుంది. అందుకని తలుపు పైన, కిటికీ పైన కొంత ఖాళీ వదులుతారు. వదలకపోతే గోడ బరువంతా తలుపు చట్రం మీద పడి తలుపు బిగుసుకుపోతుంది. నేల తడి తగలకుండా రాళ్ళ మీద ఎత్తి కడతారు, వాన తగలకుండా చూరు పొడుగ్గా దించుతారు. అట్టడుగు దుంగ కుళ్ళితే ఇంటిని జాకీలతో పైకెత్తి ఆ ఒక్క దుంగనూ మారుస్తారు. వాళ్ళు వాటిలో సెలవులకు వచ్చి పోయేవాళ్ళు కారు. అక్కడే పుట్టి, అక్కడే ముసలివాళ్ళయ్యేవాళ్ళు.

మన గూడేల్లో అలా ఎందుకు కట్టలేదని ఒక కుర్రవాడు అడగవచ్చు, అడగాలి కూడా. అక్కడ చలి, తిన్నగా పెరిగే పైన్ చెట్లు దండిగా ఉంటాయి, మన చెదలు అక్కడ లేవు. మందపాటి దుంగ గోడ చలిని ఆపుతుంది. మనకు కావలసింది వేరు. ఏప్రిల్, మే నెలల్లో ఇంట్లోంచి గాలి ఆడాలి, ఆషాఢం వానకు నీళ్ళు జారిపోవాలి, చెద ఎక్కకూడదు. దుంగ మీద దుంగ పేర్చి గూడెంలో ఇంటింటికీ గోడలు కడితే కొండ బోడిగుండు అవుతుంది. మన పెద్దవాళ్ళు బరువు మోసే చోట మాత్రమే చేవ దేరిన కర్ర వాడారు. నిట్టాడు, గుంజలు, దూలం, వాసాలు. మిగతా గోడంతా వెదురు తడిక, దానిమీద మట్టి. మేకులు లేవు, అడ్డతీగ నారతో కట్టు. పాత ఇల్లు విప్పినప్పుడు గట్టిగా ఉన్న గుంజలను కొత్త ఇంటికి మళ్ళీ వాడుకున్నారు. చెట్టు కొట్టి ఇల్లు కట్టడం తప్పు కాదా అని పర్యావరణం పాఠం చెప్పే మాస్టార్లు అడుగుతుంటారు. మంచి ప్రశ్నే. సిమెంటుకు సున్నపురాయి కొండను తవ్వాలి, ఇసుకకు నదిని తవ్వాలి, ఇటుకను కాల్చాలి అన్నది కూడా అదే పాఠంలో చెబితే ప్రశ్న సరిగ్గా ఉంటుంది.

వెదురు విషయంలో పెద్దలు ఇంకో మాట చెబుతారు. చలికాలంలో, చీకటి రోజుల్లో కోయాలని. చీకటి రోజుల సంగతి నమ్మకం అనుకోండి. వానాకాలం దాటాక కోసి, కొన్నాళ్ళు వాగు నీళ్ళలో నానేస్తే వెదురులోని పిండి పదార్థం తగ్గి పుచ్చు పురుగు తక్కువ పడుతుందన్నది మాత్రం వెదురు పని తెలిసిన ఇంజనీర్లు కూడా ఒప్పుకునేదే.

ఇలా కట్టిన ఇంటికి ఒకే వయసు ఉండదు. గుంజ వయసు ఒక తరమో, రెండు తరాలో. వాసం వయసు కొన్నేళ్ళు. తడికది ఇంకా తక్కువ. కప్పుగడ్డిది రెండు మూడు వానలు. అలుకు పండుగ పండుగకూ కొత్తది. మరి ఆ ఇల్లు ఎన్నేళ్ళదని చెప్పాలి? పూర్వం గ్రీకు దేశంలో పలకలన్నీ ఒక్కొక్కటిగా మార్చిన ఓడ పాత ఓడేనా, కొత్తదా అని పండితులు వాదించుకున్నారని ప్లూటార్క్ రాశాడు. మన గూడెంలో ఆ వాదన ఎవరికీ అక్కర్లేదు. కప్పు మార్చిన ఇల్లు కొత్త ఇల్లని ఎవరూ అనరు. అది ఫలానావాళ్ళ ఇల్లు, అంతే.

జపాన్‌లోనే ఇసె అనే చోట ఇంకో ఆలయం ఉంది. దాన్ని ప్రతి 20 ఏళ్ళకూ పక్క స్థలంలో అచ్చం అలాగే కొత్త కర్రతో కట్టి, పాతది విప్పేస్తారు. 2013లో అలా కట్టింది 62వ సారి. మళ్ళీ కట్టేది 2033లో. మధ్యలో యుద్ధాల కాలంలో ఆగిన రోజులున్నా, ఆ పద్ధతి మొదలై పదమూడు వందల ఏళ్ళయింది. ఇరవై ఏళ్ళకు ఒకసారి కట్టడం వల్ల ఒక వడ్రంగి కుర్రవాడిగా చూసి నేర్చుకుని, నడి వయసులో తానే కట్టి, ముసలితనంలో ఇంకొకరికి చూపించగలుగుతాడు. జనగణన ఫారం ప్రకారం చూస్తే అది తరచుగా మార్చే సామగ్రి, అంటే తాత్కాలికం. అక్కడివాళ్ళ లెక్కలో దేశంలో అంతకన్నా శాశ్వతమైనది లేదు. మార్చడం ఆగిపోతేనే అది పోతుంది.

మన ఇళ్ళు కూడా అలాంటివే, కాబట్టి తడిక ఇల్లే మేలు, స్లాబ్ ఇల్లు అడగొద్దు అని చెప్పడానికి నేను ఇదంతా రాయడం లేదు. ఇసె ఆలయానికి సొంత అడవి ఉంది, ఆ కలప కోసమే చెట్లు పెంచుతారు, జీతాలిచ్చే యంత్రాంగం ఉంది. మన ఇంటిని నిలబెట్టేది ఎవరు? మట్టి తొక్కేది, నీళ్ళు మోసేది, పేడ కలిపేది, గోడ అలికేది ఆడవాళ్ళు. ఇల్లు చల్లగా ఉంది అని అరుగు మీద కూర్చుని మెచ్చుకునేవాడు సాధారణంగా మగవాడు. పొయ్యి పొగ పట్టబట్టే కప్పులోని వెదురుకు పురుగు పట్టదన్నది నిజమే. ఆ పొగే పొయ్యి ముందు కూర్చున్న మనిషి ఊపిరితిత్తుల్లోకీ పోతుందన్నదీ నిజమే. కప్పుగడ్డికి నిప్పు రవ్వ చాలు. తడిక సందులోంచి పాము వస్తుంది. కారే కప్పు కింద పుస్తకాలు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పదో తరగతి చదివిన పిల్ల నాకు స్లాబ్ ఇల్లు కావాలంటే, ఆమె సంస్కృతిని మరిచిపోయిందని ఉపన్యాసం ఇచ్చే హక్కు ఎవరికీ లేదు. మన రచయితల్లో కొందరికి ఆ అలవాటు ఉంది. వాళ్ళలో ఎక్కువమంది రాసేది డాబా ఇంట్లో కూర్చునే.

అయినా ఆ పిల్ల కోరికకూ ఫారంలోని గడికీ తేడా ఉంది. ఆమెకు కావలసింది కారని కప్పు, పాము రాని గోడ, పొగ లేని వంట. ఇవి కర్ర ఇంట్లో రావని ఎవరు చెప్పారు? పెంకు వేయవచ్చు, రాతి పునాది ఎత్తవచ్చు, పొగ బయటికి పోయే పొయ్యి పెట్టవచ్చు. ఆదిలాబాద్ గోండు గూడేల్లో కర్ర గుంజల మీద పెంకు కప్పిన పెద్ద ఇళ్ళు చాలాకాలంగా ఉన్నాయి. ఇచ్చిన స్లాబ్ ఇంట్లో ధాన్యం బస్తాలు పెట్టుకుని, వేసవిలో పక్కనే తడిక పాక వేసుకుని పడుకునే కుటుంబాలు ఏ మండలంలోనైనా కనిపిస్తాయి. వాళ్ళు తెలివితక్కువవాళ్ళు కారు. రెండింటిలో దేనికి ఏది పనికొస్తుందో వాళ్ళకు తెలుసు.

కర్ర ఇల్లు బలహీనపడడానికి అసలు కారణం కర్రలో లేదు. బాగుచేసుకునే వీలు పోవడంలో ఉంది. 1882 మద్రాసు అటవీ చట్టం నుంచి మన అడవి రిజర్వు గీతల్లోకి వెళ్ళింది. అంతకుముందు గుంజ పుచ్చితే అడవికి వెళ్ళి ఇంకో గుంజ తెచ్చుకునేవాళ్ళు. తరవాత ఆ పనికి దొంగతనం అని పేరొచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్న తరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చి మన హక్కుగా రాసింది. కలపను ఆ నిర్వచనంలోంచి బయటే ఉంచింది. నిస్తార్ లాంటి సామూహిక హక్కులు అని అదే చట్టంలో ఇంకో మాట ఉంది. దాని కింద ఇంటి గుంజను అడగడం గ్రామసభలు పట్టుబట్టి తేల్చుకోవలసిన విషయం. అప్పటిదాకా మన తడికకు హక్కు ఉంటుంది, దాన్ని మోసే గుంజకు ఉండదు. గుంజ మార్చుకోలేని ఇల్లు కూలుతుంది. కూలాక, చూశారా కచ్చా ఇల్లు అని రాసుకుంటారు.

అడవిలో కర్ర ఇంట్లో బతకడం అనగానే ఇంగ్లీషు చదివినవాళ్ళు థోరో పేరు చెబుతారు. 1845లో అమెరికాలో వాల్డెన్ అనే చెరువు ఒడ్డున పదడుగుల వెడల్పు, పదిహేనడుగుల పొడవున్న కర్ర గది తానే కట్టుకుని, ఇరవై ఎనిమిది డాలర్ల పైచిలుకు ఖర్చయిందని లెక్క రాసి, రెండేళ్ళ రెండు నెలలు అందులో ఉన్నాడు. మనిషికి ఎంత ఇల్లు చాలు అని ఆయన అడిగిన ప్రశ్న గొప్పది. కానీ ఆ స్థలం ఆయన మిత్రుడు ఎమర్సన్‌ది. ఉండాలనుకున్నన్నాళ్ళు ఉన్నాడు, చాలనుకున్నాక ఊళ్ళోకి వెళ్ళిపోయాడు. ఆ గదిని తరవాత వేరేచోటికి తరలించి అందులో గింజలు నిలవ చేసుకున్నారు. వెళ్ళిపోగలిగినవాడికి కర్ర ఇల్లు ఒక ప్రయోగం. ఇప్పుడు మారేడుమిల్లి, అరకు, లంబసింగి వైపు కర్రతో, వెదురుతో కట్టిన కాటేజీలకు రాత్రికి ఇంతని ఇచ్చి ఉండి వెళ్ళేవాళ్ళదీ అదే వరస. వాళ్ళ మీద నాకు కోపం లేదు. ఒకే కొండమీద ఒకే వెదురుతో కట్టిన రెండు గోడల్లో, ఒకటి అద్దెకిస్తే అందం, ఇంకొకటి అందులోనే పుట్టి పెరిగితే పేదరికం ఎలా అయిందో మాత్రం మన పిల్లలు అడగాలి.

అమెరికా దుంగ ఇంటికి ఇంకో కథ కూడా ఉంది. 1638లో డెలావేర్ నది ఒడ్డుకు వచ్చిన స్వీడన్, ఫిన్లాండ్ జనం ఆ పద్ధతిని అక్కడికి తెచ్చారు. తరవాత వలస వచ్చినవాళ్ళు దాన్ని పడమరకు మోసుకెళ్ళారు. 1862 హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం 160 ఎకరాల్లో ఇల్లు కట్టి, అయిదేళ్ళు ఉండి, సాగు చేసి చూపితే భూమి పట్టా వస్తుంది. చాలామంది చూపిన ఇల్లు దుంగలతోనో మట్టిగడ్డలతోనో కట్టిన ఒక గది. ఆ భూమి అంతకుముందు అక్కడి ఆదివాసులది. అంటే దుంగ ఇల్లు కొత్తగా వచ్చినవాడికి భూమి సంపాదించి పెట్టింది. మనకు తరతరాలుగా ఉన్న ఇల్లు కూడా ఆ పని చేయలేదు. పూర్తిగా చేయలేదనడం కూడా సరికాదు. అటవీ హక్కుల చట్టం కింద 2007లో చేసిన నిబంధనల్లో పదమూడోది చదవండి. హక్కుకు సాక్ష్యంగా చూపదగినవాటిలో ఇళ్ళు, గుడిసెలు అని స్పష్టంగా రాశారు. బావులు, శ్మశానాలు, పవిత్ర స్థలాలు కూడా రాశారు. జనగణనకు తాత్కాలికమైన గుడిసె ఆ చట్టానికి సాక్షి.

శ్మశానాల ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. రాయి వాడకం మనకు తెలియక కర్ర దగ్గర ఆగిపోయామని కొందరు అనుకుంటారు. కోయలు, గదబలు, సవరలు పోయినవారికి రాళ్ళు నిలబెట్టిన జాతులు. మనిషెత్తు రాయిని కొండ నుంచి మోసుకొచ్చి నిలబెట్టగలిగినవాళ్ళకు రాతి గోడ కట్టడం చేతకాదా? ఇక మారనివాళ్ళకు రాయి ఇచ్చారు. పెరిగే, పెళ్ళిళ్ళయ్యే, వేరు పడే, మళ్ళీ కలిసే మనుషులకు విప్పి కట్టుకునే కర్ర ఇచ్చారు. పెద్దలు ఇలా ఆలోచించే చేశారని నేను రుజువు చూపలేను. చేసిన పని మాత్రం అలాగే ఉంది.

పోలవరం ముంపు గ్రామాల సంగతి చూస్తే ఈ చర్చ పుస్తకాల్లోది కాదని తెలుస్తుంది. అధికారిక లెక్కల్లోనే లక్షకు పైగా కుటుంబాలు ఊళ్ళు వదలాలి. వాళ్ళలో కోయలు, కొండరెడ్లు పెద్దసంఖ్యలో ఉన్నారు. కాలనీల్లో ఇచ్చేవి కాంక్రీటు ఇళ్ళు, ఫారం ప్రకారం శాశ్వతమైనవి. తాత్కాలికమని రాసుకున్న ఇళ్ళు వాళ్ళ తాతల ఊళ్ళో ఉన్నాయి. తాత్కాలిక ఇంట్లో తరతరాలు ఉన్నవాళ్ళు శాశ్వత ఇంటికి వెళ్ళడం కోసం ఊరు ఖాళీ చేయాలి. ఆ కాలనీలో గోడ బీటలు వారితే బాగుచేసే సామగ్రి అడవిలో దొరకదు, దుకాణంలో కొనాలి. బాగుచేసే మనిషి గూడెంలో లేడు, కూలికి పిలవాలి. కొండరెడ్ల చేతిలోని వెదురు పనికి ఆ గోడతో సంబంధమే లేదు. ఇంటితో పాటు దాన్ని నిలబెట్టే శక్తి కూడా వాళ్ళ చేతుల్లోంచి బయటికి పోయింది. నష్టపరిహారం లెక్కలో దీనికి గడి లేదు.

ప్రభుత్వ ఇళ్ళ పథకం వద్దనుకోవాలా? వద్దు. దాన్ని సరిగ్గా చదవాలి. 2016లో మొదలైన ప్రధానమంత్రి గ్రామీణ ఆవాస్ యోజన మార్గదర్శకాలు పక్కా ఇంటిని ఇలా నిర్వచించాయి: మామూలు వాడకానికీ, ఎండావానలకూ తట్టుకుని, తగిన మరమ్మతులతో కనీసం 30 ఏళ్ళు నిలిచేది. తగిన మరమ్మతులతో అన్న మాట గమనించండి. మరమ్మతు లోపం కాదని పథకమే ఒప్పుకుంది. చేవ దేరిన గుంజలు, రాతి పునాది, పెంకు కప్పు ఉన్న ఇల్లు 30 ఏళ్ళు నిలవదని ఎవరైనా అంటే, అలా నిలిచిన ఇళ్ళను తీసుకెళ్ళి చూపించే గూడేలు మనకున్నాయి. ఇల్లు కట్టుకునేది లబ్ధిదారే, కాంట్రాక్టరు కాదు అని కూడా ఆ పథకం అంటుంది. కనీస వైశాల్యం 25 చదరపు మీటర్లు. ఏ నమూనాలో, ఏ సామగ్రితో కట్టుకుంటామో గ్రామసభలో చర్చించి తీర్మానం రాసి ఐటీడీఏకు పంపడానికి అడ్డం లేదు. స్లాబ్ కావాలన్నవాళ్ళు స్లాబ్ అడగాలి, కర్ర కావాలన్నవాళ్ళు కర్ర అడగాలి. ఇద్దరూ గుంజకు హక్కు అడగాలి, ఎందుకంటే స్లాబ్ ఇంటికి కూడా తలుపు కావాలి, పశువుల పాకకూ కర్ర కావాలి.

మాస్టార్లకు ఒక పని చెబుతాను. ఇళ్ళ పాఠం వచ్చినప్పుడు పిల్లలను ఒక పట్టిక తయారుచేసి తెమ్మనండి. మీ ఇంట్లో ఏ గుంజ ఏ చెట్టుది, ఎవరు తెచ్చి పాతారు, అప్పటికి ఇంట్లో ఎవరు పుట్టారు, ఎవరి పెళ్ళయింది, ఏ వరదకు తడిక మార్చారు. పిల్లలకు తెలియదు కాబట్టి అవ్వలను, తాతలను అడగాలి. చెట్ల పేర్లు తెలుగులో ఒకటుంటాయి, కోయలోనో కువిలోనో సవరలోనో ఇంకొకటుంటాయి, రెండూ రాయించండి. గూడెంలోని ఇళ్ళన్నిటి పట్టికలూ కలిపితే ఆ ఊరు అక్కడ ఎన్నాళ్ళుగా ఉందో ఇంటింటి లెక్కతో తేలుతుంది. కుట్టించి ఒక ప్రతి బడిలో ఉంచండి. ఇంకో ప్రతి అటవీ హక్కుల కమిటీ పెద్దకు ఇవ్వండి. అటవీ భూమిలో 2005 డిసెంబరు 13కు ముందు నుంచీ ఉన్నామని చూపవలసి వచ్చినప్పుడు, పదమూడో నిబంధనలో రాసిన ఇళ్ళు, గుడిసెలు అన్న రెండు మాటల కింద పెట్టడానికి అది పనికొస్తుంది.